లైసెన్స్ ఉంది కదా, గన్ ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. పోయిన ఏడాది నాకు సిటిజన్‌షిప్ వచ్చింది, మా ఆవిడది గ్రీన్ కార్డ్. నాకు పార్ట్‌నర్‌షిప్ ఉన్న గ్యాస్ స్టేషన్‌లో రెండుసార్లు దోపిడీ జరగడంతో భయపడి, మా ఆవిడ వద్దంటున్నా క్లాసుకి వెళ్లి, టెస్ట్ పాసై, క్యారీ లైసెన్స్ (గన్ వెంట పెట్టుకుని తిరిగే లైసెన్స్) తీసుకుని పిస్టల్ కొన్నాను. ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. శనివారాలు పాపని రోబోటిక్స్ కోసం స్కూల్లో దింపాలి, తర్వాత పోస్టాఫీసు పని, మధ్యాహ్నం బయట భోజనం, సాయంత్రం గుడి. వచ్చే నెల మా అత్తగారు విజిటర్ వీసా మీద వస్తున్నారు, ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాలి. క్రిస్మస్ సెలవుల్లో కారులో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అన్నయ్య దగ్గరికి వెళ్తున్నాం. లైసెన్స్ ఉన్నాక ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చా? మాతోనే ఉండే మా బావమరిది (హెచ్ 1బి) ‘డ్రైవింగ్ లైసెన్స్ లాగే బావా, అన్ని స్టేట్స్‌లో చెల్లుతుంది’ అంటాడు. వాడూ నాతో రేంజ్‌కి (గన్ కాల్చడం సాధన చేసే చోటికి) వస్తుంటాడు, నేను లేనప్పుడు అవసరం పడితే అని లాకర్ కోడ్ కూడా వాడికి చెప్పి ఉంచాను.

సమాధానం:

మీరు అడిగిన ప్రశ్నలన్నిటికంటే ముందు, మీరు అడగకుండా చివర్లో మామూలుగా చెప్పి వదిలేసిన ఆ ఒక్క వాక్యం నన్ను భయపెట్టింది. ఇవాళ సాయంత్రమే ఆ లాకర్ కోడ్ మార్చేయండి. మిగతాది మార్చాక చదవొచ్చు.

ఎందుకంటే, హెచ్ 1బి, ఎఫ్ 1, హెచ్ 4, విజిటర్ వీసా, ఇలా నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) చట్టం ప్రకారం నేరం. కొనడం మాత్రమే అనుకుంటారు చాలామంది, కాదు, చేతిలోకి తీసుకున్నా అది దగ్గర పెట్టుకోవడం కిందికే వస్తుంది. రేంజ్‌లో అద్దెకి తీసుకుని పది రౌండ్లు కాల్చి ఫొటో దిగడం కూడా అందులోకే వస్తుంది. లాకర్ కోడ్ తెలిసి, ఇంట్లో ఒక్కడే ఉండి, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగితే, ముట్టుకోకపోయినా అతని అదుపులో ఉన్నట్టేనని ప్రాసిక్యూటర్ వాదించగలడు. 2022లో వచ్చిన చట్టం తర్వాత దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. శిక్ష సంగతి పక్కన పెట్టినా, గన్ కేసు పడితే గ్రీన్ కార్డ్ ఫైలు ఏమవుతుందో మీ బావమరిదికి నేను చెప్పక్కర్లేదు. ఒక మినహాయింపు ఉంది, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ చేతిలో ఉంటే ఈ నిషేధం వర్తించదు, కొందరు మనవాళ్లు ఆ దారిన వెళ్తారు కూడా. కానీ అది ఉందా, గడువు ఎప్పటిదాకా, అన్నది ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి తేల్చుకునేదాకా అతన్ని రేంజ్‌కి తీసుకెళ్లకండి. ఇప్పటిదాకా వెళ్లిన సంగతి, సోషల్ మీడియాలో ఫొటోలు గట్రా ఉంటే వాటి సంగతి, అదీ లాయర్‌తోనే, నాతో కాదు. తెలిసి తెలిసి అలాంటి వాళ్ల చేతికి తుపాకి అందించినవాడిది కూడా నేరమే, అంటే మీది. మీ అత్తగారి విషయంలోనూ ఇదే లెక్క, ఆవిడ ముట్టుకునే మనిషి కాదని నాకు తెలుసు, కానీ ఆవిడ మంచం పక్క సొరుగులో మాత్రం పెట్టకండి. మీ ఆవిడది గ్రీన్ కార్డ్ కాబట్టి ఆవిడకి ఈ నిషేధం లేదు.

నేను లాయర్‌ని కాను. పదేళ్లకి పైగా టెక్సస్ లైసెన్స్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నవాణ్ని, అంతే. ఇందులో ఏదైనా మీ కేసుకి అతికినట్టు కావాలంటే గంటకి డబ్బు తీసుకుని చెప్పేవాళ్లు ఉన్నారు, ఈ విషయంలో ఆ డబ్బు దండగ కాదు.

ఇక మీ శనివారం. క్లాసులో 50 రౌండ్లు కాల్చి పాసైనప్పుడు మనకి కలిగే ఫీలింగ్ ఏమిటంటే, ఇక ఈ కార్డు ఉంటే తలుపులన్నీ తెరుచుకుంటాయని. నిజానికి 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు దాటి, చట్టప్రకారం తుపాకి ఉంచుకునే అర్హత ఉన్న ఎవరైనా లైసెన్స్ లేకుండానే నడుముకి పెట్టుకుని తిరగొచ్చు. మరి లైసెన్స్ దేనికి అంటే, ఎక్కువగా ఈ ‘ఎక్కడ’ అన్న ప్రశ్నకే. కొన్ని చోట్లకి లైసెన్స్ ఉన్నవాడు వెళ్లొచ్చు, లేనివాడు వెళ్లకూడదు. కొన్ని చోట్లకి ఇద్దరూ వెళ్లకూడదు.

ఉదయం స్కూలుతో మొదలెడదాం. స్కూలు చుట్టూ వెయ్యి అడుగుల లోపల తుపాకి ఉండకూడదని ఫెడరల్ చట్టం ఒకటుంది, 1990 నాటిది. ఫ్రిస్కో లాంటి ఊళ్లో వీధికో స్కూలు కాబట్టి మీరు దాదాపు ఎక్కడ డ్రైవ్ చేసినా ఏదో ఒక స్కూలుకి వెయ్యి అడుగుల లోపలే ఉంటారు. ఆ స్కూలు ఉన్న రాష్ట్రమే ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాడికి ఆ చట్టంలో మినహాయింపు ఉంది, మీకు అది దొరుకుతుంది, లైసెన్స్ లేకుండా తిరిగే మీ పక్కింటాయనకి దొరకదు. అయితే అదే రాష్ట్రం అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఓక్లహోమాలో స్కూలు ముందు నుంచి వెళ్తున్నప్పుడు టెక్సస్ కార్డు ఈ ఒక్క పనికి అక్కరకి రాదు.

అది రోడ్డు మీద. స్కూలు భవనం లోపలికి మాత్రం వద్దే వద్దు. టెక్సస్ చట్టంలో ‘ప్రెమిసెస్’ అంటే భవనం లేదా అందులో భాగం, పార్కింగ్, డ్రైవ్‌వే, ఫుట్‌పాత్ అందులోకి రావు. అంటే పాపని దింపే వరసలో మీరు కార్లో కూర్చుని ఉంటే, నడుముకి గన్ ఉన్నా మీ తప్పు లేదు. కానీ ‘నాన్నా, నా లంచ్ బ్యాగ్’ అని పాప అరిస్తే ఆ బ్యాగ్ పట్టుకుని మీరు తలుపు దాటి లోపలికి నాలుగడుగులు వేశారంటే అది థర్డ్ డిగ్రీ ఫెలొనీ (ఫెలొనీ అంటే తీవ్రమైన నేరం), జైలు రెండు నుంచి పదేళ్లు, పది వేల డాలర్ల దాకా జరిమానా. మరచిపోయానంటే ఎవరూ వినరు. ఇంకొకటి, స్కూలు తరఫున ఏదైనా కార్యక్రమం జరుగుతున్న గ్రౌండ్ కూడా ఇందులోకే వస్తుంది, భవనం కాకపోయినా సరే. శనివారం రోబోటిక్స్ పోటీ టెంట్లు వేసి ఆరుబయట పెడితే ఆ గ్రౌండ్ కూడా నిషిద్ధమే. హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కీ తీసుకెళ్లకూడదు, కాలేజీ, ప్రొఫెషనల్ ఆటలకీ అంతే. యూనివర్సిటీల సంగతి వేరు, 2016 ఆగస్టు 1 నుంచి లైసెన్స్ ఉన్నవాళ్లు క్యాంపస్‌లోకి దాచిపెట్టి తీసుకెళ్లొచ్చు, కానీ ఏ భవనాలు మినహాయింపో ప్రతి యూనివర్సిటీ తన జాబితా తను పెట్టుకుంటుంది.

తర్వాత పోస్టాఫీసు. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దొరికిపోతారని నా అనుమానం, ఎందుకంటే పిల్లల పాస్‌పోర్ట్ అపాయింట్‌మెంట్ అక్కడే కదా. ఫెడరల్ ఆస్తి, ఫెడరల్ నిబంధన, టెక్సస్ కార్డు ఆ గుమ్మం దగ్గర ప్లాస్టిక్ ముక్క. స్కూలు దగ్గర చెప్పిన పార్కింగ్ వెసులుబాటు కూడా ఇక్కడ లేదు. పోస్టల్ ఆస్తి మీద దగ్గర పెట్టుకోవడమే కాదు, అక్కడ ఉంచడం కూడా కూడదని ఆ నిబంధన అంటుంది, అంటే కారులో తాళం వేసి వెళ్లినా వాళ్ల పార్కింగ్‌లో ఉన్నంతసేపూ తప్పే. దీన్ని సవాలు చేస్తూ కోర్టుల్లో కేసులు నడిచాయి, నడుస్తున్నాయి, గెలిచేవాళ్లు గెలుస్తారు, కానీ పాప పాస్‌పోర్ట్ పనికి వెళ్లి మీరు టెస్ట్ కేసు అవ్వాల్సిన పనేముంది? అవసరమైతే కారు పక్క షాపింగ్ సెంటర్‌లో పెట్టి నడిచి వెళ్లండి, ఇంకా మంచిది ఇంట్లో పెట్టి వెళ్లండి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసు, ఇమిగ్రేషన్ ఆఫీసు, ఫెడరల్ కోర్టు, వీటిల్లోకి కూడా తీసుకెళ్లకూడదు. మీ ఆవిడ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి తోడు వెళ్లేటప్పుడు గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం భోజనం. లోపలికి వెళ్లేముందు తలుపు దగ్గర ఎర్ర రంగులో పెద్ద 51 అంకె ఉన్న బోర్డు ఉందేమో చూడండి. ఆ షాపు ఆదాయంలో 51 శాతం, అంతకు మించి అక్కడే తాగే మద్యం నుంచి వస్తే పెట్టే బోర్డు అది, అంటే చట్టం దృష్టిలో అది బార్. అందులోకి తుపాకితో వెళ్లడం ఫెలొనీ. మన బిర్యానీ హోటళ్లలో బీరు దొరికినా అమ్మకాల్లో బిర్యానీదే పైచేయి కాబట్టి మామూలుగా ఆ అంకె ఉండదు, మద్యం అమ్మే చోట పెట్టే వేరే హెచ్చరిక బోర్డు కనిపిస్తుంది, అది లైసెన్స్ ఉన్నవాళ్లని ఆపేది కాదు. లోపల కూర్చుని మీరు తాగితే మాత్రం లెక్క మారుతుంది, మత్తులో ఉండి గన్ దగ్గర పెట్టుకోవడం దానంతట అదే నేరం. నేను పెట్టుకున్న నియమం చెప్పనా, నడుముకి గన్ ఉంటే గ్లాసులో మజ్జిగే. మా ఫ్రెండ్స్ నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక గుడి. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే గుళ్లు, షాపులు, మాల్స్, ఆఫీసులు, అన్నీ ఇదే సూత్రం మీద నడుస్తాయి. 2017లో సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో జరిగిన కాల్పుల ఘోరం తర్వాత టెక్సస్ చట్టం మార్చింది, 2019 సెప్టెంబర్ నుంచి ప్రార్థనా స్థలాల మీద ప్రత్యేకమైన నిషేధం లేదు, మిగతా ప్రైవేటు ఆస్తుల లాగే. ప్రైవేటు ఆస్తి అంటే యజమాని వద్దంటే వద్దు. ఎలా వద్దంటాడు? చట్టంలో 30.06, 30.07 అని రెండు సెక్షన్లు ఉన్నాయి, ఇక్కడి వాళ్లు థర్టీ ఓ సిక్స్, థర్టీ ఓ సెవెన్ అంటారు. మొదటిది దాచిపెట్టిన గన్‌కి, రెండోది పైకి కనిపించే గన్‌కి. బోర్డు మీద ఏ మాటలు ఉండాలో చట్టమే రాసిచ్చింది, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి, అక్షరాలు కనీసం అంగుళం ఎత్తు, వెనకున్న రంగుకి భిన్నమైన రంగు, అందరికీ కనిపించే చోట. అవి రెండూ లేకపోయినా నోటితో చెబితే చాలు.

మా వైపు ఒక గుడికి నేను ఏళ్లుగా వెళ్తున్నాను. అక్కడ ఆ బోర్డు ఉంది, నేను చూడలేదు. చెప్పుల స్టాండ్ పైన గోడకి పెట్టారు, దాని మీద సత్యనారాయణ వ్రతాల షెడ్యూలు ఒకటి, బతుకమ్మ ఫ్లయర్ ఒకటి, ఎవరిదో అద్దెకి బేస్‌మెంట్... కాదు లెండి, టెక్సస్‌లో బేస్‌మెంట్లు ఎక్కడివి, అద్దెకి గది అన్న కాగితం ఒకటి, టేపుతో అంటించి ఉన్నాయి. స్పానిష్ వైపు కింది రెండు లైన్లు మాత్రం బయటికి కనిపించేవి, అదేదో ఫైర్ డిపార్ట్‌మెంట్ నోటీసు అనుకున్నాను. ఒక రోజు గాలికి బతుకమ్మ ఫ్లయర్ ఊడిపడితే, చెప్పులు విప్పుతూ తలెత్తి చదివాను. షర్టు కింద నడుముకి గన్, చేతిలో కొబ్బరికాయ. అలాగే వెనక్కి తిరిగి, కారు దాకా కాదు, ఇంటికే వెళ్లిపోయాను. అలా కప్పేసిన బోర్డు కనిపించేలా పెట్టినట్టు లెక్కలోకి రాదని వాదించొచ్చు. నాకు ఆ వాదన గెలవాలని లేదు. కమిటీ వాళ్లు అక్కడ వద్దనుకున్నారు, అది వాళ్ల ఇష్టం, అంతే. మరుసటి వారం ఫోన్ చేసి బోర్డు మీద కాగితాలు తీసేయమని చెప్పాను, తీశారు, నెలకే మళ్లీ అంటించారు.

బోర్డు చూడకుండా లోపలికి వెళ్లి దొరికితే 200 డాలర్ల దాకా జరిమానాతో పోయే చిన్న నేరం అది. కానీ ఎవరైనా వచ్చి ‘అన్నా, ఇక్కడ గన్ వద్దు, బయటికి వెళ్లండి’ అని నోటితో చెప్పాక కూడా ‘నాకు లైసెన్స్ ఉంది’ అంటూ నిలబడితే ఏడాది దాకా జైలు, నాలుగు వేల డాలర్ల దాకా జరిమానా. అందుకే చెప్పగానే సారీ అని వెళ్లిపోవాలి, వాదన పెట్టుకోకూడదు. తుపాకి బొమ్మ మీద ఎర్ర గీత ఉన్న స్టిక్కర్ చూస్తుంటాం చూడండి, లైసెన్స్ ఉన్నవాళ్లకి అది మాత్రమే అంటించి ఉంటే చట్టరీత్యా సరిపోదు, ఆన్‌లైన్‌లో దీని మీద గొప్పలు చెప్పుకునేవాళ్లు చాలామంది. నేనైతే ఆ బొమ్మ చూసినా వెనక్కి తిరుగుతాను. వద్దని స్పష్టంగా చెబుతున్న ఇంట్లోకి అక్షరాల సైజు కొలిచి మరీ దూరడం నాకు బాగుండదు. ఆఫీసు సంగతీ కలిపి చెప్పేస్తాను, కంపెనీ లోపలికి వద్దంటే వద్దు, ఉద్యోగం పోతుంది. మీ సొంత కారులో తాళం వేసి పార్కింగ్‌లో ఉంచుకుంటే మాత్రం టెక్సస్‌లో చాలా కంపెనీలు కాదనలేవు, 2011 నుంచి ఆ చట్టం ఉంది.

ఓటు వేయడానికి వెళ్లే రోజు ఒకటి మీరు అడగలేదు, కొత్త సిటిజన్ కాబట్టి నేనే చెబుతున్నాను. మీ ఊరి లైబ్రరీకి మామూలు రోజుల్లో గన్‌తో వెళ్లొచ్చేమో, అదే లైబ్రరీలో ఎర్లీ ఓటింగ్ (ఎన్నికల తేదీకి ముందే జరిగే ఓటింగ్) నడుస్తుంటే ఆ పోలింగ్ స్థలంలోకి తీసుకెళ్లకూడదు. మీరు ఓటు వేయడానికి కాకుండా పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్లినా సరే, ఆ వైపు పోకుండా ఉండటం మేలు. పల్నాడులో మా తాతయ్యకి రెండు గొట్టాల తుపాకి ఉండేది, ఎలక్షన్ తేదీలు రాగానే గోనెపట్టాలో చుట్టి స్టేషన్‌కి తీసుకెళ్లి అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు, ఓట్ల లెక్కింపు అయ్యాక మళ్లీ వెళ్లి తెచ్చుకునేవాడు. అక్కడ ఊరంతటికీ ఒకటే నియమం, గుర్తుపెట్టుకోవడం తేలిక. ఇక్కడ తలుపు తలుపుకీ మారుతుంది. కోర్టు భవనాలు, జైళ్లు కూడా వద్దు, ఆస్పత్రులు, నర్సింగ్ హోమ్‌లు, అమ్యూజ్‌మెంట్ పార్కులు కూడా వద్దనే అనుకోండి, అక్కడ మెలికలు ఉన్నాయి, రోగిని చూడటానికి వెళ్తూ మెలికలు విప్పే ఓపిక ఎవరికుంటుంది.

ఇప్పుడు ఆ శనివారాన్ని ఒక్కసారి వరసగా చూడండి. స్కూలు దగ్గర తీసి కారులో పెట్టాలి, మళ్లీ పెట్టుకోవాలి, పోస్టాఫీసుకి వీధి అవతల పార్క్ చేయాలి, హోటల్లో బోర్డు చూడాలి, గుడి దగ్గర బోర్డు ఉంటే మళ్లీ తీయాలి. రోజుకి ఇన్నిసార్లు డ్రైవర్ సీట్లో వంగి కూర్చుని లోడ్ చేసిన పిస్టల్ తీయడం, పెట్టడం, పక్కన పాప. పొరపాట్లు ఇలాంటప్పుడే జరుగుతాయి. పైగా కారులో వదిలిన గన్ దొంగలకి సులువు, గుడి పార్కింగ్‌లో ఒకాయన నడుము నుంచి ఏదో తీసి సీటు కింద పెట్టడం చూస్తే చాలు వాళ్లకి. మీ భయం గ్యాస్ స్టేషన్ గురించి కదా? అయితే గ్యాస్ స్టేషన్‌కి వెళ్లే రోజు పెట్టుకెళ్లండి, అది మీ సొంత వ్యాపార స్థలం, అక్కడ మీకు హక్కు గట్టిగా ఉంది. శనివారం ఇంట్లో పెట్టేయండి. తప్పనిసరై కారులో ఉంచాల్సి వస్తే సీటు ఫ్రేముకి కేబుల్‌తో కట్టే చిన్న ఇనుప పెట్టె కొనుక్కోండి, పాపకి అందే చోట వదిలితే అదీ టెక్సస్‌లో నేరమే. పోలీస్ ఆపి ఐడీ అడిగినప్పుడు గన్ మీ దగ్గర ఉంటే డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు ఈ లైసెన్స్ కూడా చూపించాలి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచి ముందు నోటితో చెప్పండి, తర్వాత తీయండి.

అత్తగారి కోసం ఎయిర్‌పోర్ట్. డీఎఫ్‌డబ్ల్యూలో (మన డాలస్ ఎయిర్‌పోర్ట్‌లో) లగేజీ వచ్చే చోటు దాకా, అంటే సెక్యూరిటీ గేటుకి ఇవతల, టెక్సస్ చట్టం మిమ్మల్ని ఆపదు. గేటు దాటే వైపు మాత్రం పూర్తిగా నిషేధం. 2024లో అమెరికా ఎయిర్‌పోర్టుల చెక్‌పాయింట్లలో 6,678 గన్‌లు దొరికాయి, నూటికి 94 లోడ్ చేసి ఉన్నవే, దొరికిన ఎయిర్‌పోర్టుల్లో మన డీఎఫ్‌డబ్ల్యూ ఎప్పుడూ పైవరసలోనే ఉంటుంది. దాదాపు అందరూ చెప్పే మాట ఒకటే, బ్యాగ్‌లో ఉందని మరచిపోయాను. టెక్సస్ 2015లో లైసెన్స్ ఉన్నవాళ్లకి కొంచెం కనికరం చూపింది, చెక్‌పాయింట్‌లో దొరికినా చెప్పగానే వెంటనే వెనక్కి వెళ్లిపోతే రాష్ట్ర కేసు నుంచి తప్పించుకునే వీలుంది. కానీ ఫెడరల్ జరిమానా వేరు, అది 15 వేల డాలర్లు కూడా దాటొచ్చు, ప్రీచెక్ (సెక్యూరిటీ తనిఖీ త్వరగా అయ్యే సదుపాయం) ఐదేళ్లు పోతుంది.

ఇండియా వెళ్లేటప్పుడైతే ఇంకా జాగ్రత్త. నేనొకసారి హైదరాబాద్ ప్రయాణానికి బ్యాక్‌ప్యాక్ సర్దుతుంటే, అడుగున చిన్న జిప్పులో ఏదో గట్టిగా తగిలింది, పిల్లల చాక్లెట్ అనుకుని తీస్తే ఒక తూటా. రేంజ్ నుంచి వచ్చిన రోజు జారిపడిందేమో. చెమటలు పట్టాయి నాకు. అక్కడి ఎయిర్‌పోర్టుల్లో ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక ఉండిపోయిందని ఢిల్లీ హైకోర్టు ఇలాంటి కేసులు చాలా కొట్టేసింది, నిజమే, కానీ అంతదాకా తిరగాల్సింది మీరు, మీ సెలవులు అయిపోతాయి. అందుకే రేంజ్ బ్యాగ్ వేరు, ప్రయాణం బ్యాగ్ వేరు, మా ఇంట్లో ఇది కొత్త కుంకుడుకాయలు, పాత కుంకుడుకాయలు ఒకే డబ్బాలో పొయ్యకూడదన్నంత ఖచ్చితమైన నియమం.

చివరిది న్యూజెర్సీ. మీ బావమరిది చెప్పిన డ్రైవింగ్ లైసెన్స్ పోలిక పూర్తిగా తప్పు. గన్ లైసెన్స్ ఒక రాష్ట్రం ఇంకో రాష్ట్రంతో కుదుర్చుకుంటేనో, గౌరవిస్తేనో చెల్లుతుంది. ఆర్కన్సా, టెనెసీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా దాకా మీ కార్డుకి మర్యాద ఉంటుంది. ఆ తర్వాత 81 నంబరు హైవే మీద మేరీల్యాండ్ వస్తుంది, హేగర్స్‌టౌన్ పక్కగా 12 మైళ్లే, కాఫీకి ఆగకపోతే పావుగంటలో దాటేస్తారు. ఆ పావుగంటలో మీ టెక్సస్ లైసెన్స్ చెల్లదు. న్యూజెర్సీలో అసలే చెల్లదు.

‘కార్లో లాక్ చేసి తీసుకెళ్తే ఫెడరల్ చట్టం కాపాడుతుంది’ అని ఎవరో ఒకరు చెబుతారు. 1986 నాటి చట్టం అది. గన్‌లో తూటాలు ఉండకూడదు, గన్ గానీ తూటాలు గానీ చేతికందే చోట ఉండకూడదు, ట్రంక్‌లో (డిక్కీలో) ఉండాలి, మీది విడిగా ట్రంక్ లేని ఎస్‌యూవీ అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, గ్లవ్ బాక్స్ పనికిరాదు. ఇవన్నీ పాటించినా మీకు పనికొస్తుందా? ఆ చట్టం రక్షణ ఇచ్చేది, మీరు చట్టబద్ధంగా క్యారీ చేయగలిగే చోటి నుంచి, మళ్లీ చట్టబద్ధంగా క్యారీ చేయగలిగే చోటికి వెళ్తున్నప్పుడు, మధ్యలో తగిలే రాష్ట్రాల కోసం. మీ గమ్యమే న్యూజెర్సీ. అక్కడ క్యారీ చేసే హక్కు మీకు లేదు. కాబట్టి ఆ గొడుగు మీ మీద పట్టదు. మధ్యలో ఆగినా ఇబ్బందే, 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియా వెళ్తున్న ఒకాయన విమానం తప్పిపోయి న్యూజెర్సీలోని నెవార్క్‌లో రాత్రి హోటల్లో ఉండాల్సి వచ్చింది, సామాను ఆయన చేతికొచ్చింది, పొద్దున మళ్లీ చెక్ ఇన్ చేస్తూ నిజాయితీగా గన్ ఉందని చెబితే అరెస్ట్ చేశారు. ఆయన వేసిన దావాలో అప్పీల్ కోర్టు కూడా ఆయనకి అనుకూలంగా చెప్పలేదు.

ఇంకో కేసు వింటే మీరు ప్రయాణంలో గన్ మాటే ఎత్తరు. ఫిలడెల్ఫియా ఆవిడ, పిల్లలున్న తల్లి, పెన్సిల్వేనియా లైసెన్స్ ఉంది, మీలాగే దోపిడీలకి భయపడి తీసుకుంది. 2013లో వంతెన దాటి న్యూజెర్సీలోకి వెళ్లింది, ట్రాఫిక్ పోలీస్ ఆపితే మర్యాదగా తనే చెప్పింది, నా దగ్గర గన్ ఉంది, ఇదిగో లైసెన్స్ అని. మూడున్నరేళ్ల తప్పనిసరి జైలు శిక్ష ఉన్న కేసు పెట్టారు. దేశమంతా గోల అయ్యాక విచారణ తప్పింది, 2015లో అప్పటి న్యూజెర్సీ గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చాడు. మీ కోసం దేశమంతా గోల చేస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి.

2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ అనే కేసులో తీర్పు ఇచ్చాక ఇదంతా పోయింది కదా అని కొందరంటారు. ఆ తీర్పుతో న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట్ల కారణం చూపకుండానే లైసెన్స్ అడిగే వీలు వచ్చింది, నిజం. దానికి జవాబుగా ఆ రాష్ట్రాలు ‘ఎక్కడ’ అన్న జాబితాని చాంతాడంత చేశాయి, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో గన్ ఫ్రీ జోన్ (గన్‌లు తేకూడని చోటు) అని బోర్డులు వేలాడదీశారు. కొన్ని రాష్ట్రాలు టెక్సస్ పద్ధతిని తిరగేశాయి కూడా. ఇక్కడ యజమాని వద్దంటేనే వద్దు. హవాయి లాంటి చోట యజమాని రమ్మంటేనే లోపలికి అన్నారు. అది సరైనదా కాదా అన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎటు తేలినా ఎడిసన్‌లో మీ టెక్సస్ కార్డుకి కొత్తగా ప్రాణం వచ్చేది లేదు.

కాబట్టి గన్ ఇంట్లో పెట్టి వెళ్లండి. మీరు ఊళ్లో లేని ఆ రోజుల్లో ఇంట్లో ఉండేది బహుశా మీ బావమరిది, అత్తగారు, ఇద్దరూ వీసా మీద ఉన్నవాళ్లే. కొత్త కోడ్ మీకూ మీ ఆవిడకీ తప్ప ఎవరికీ తెలియకూడదు, తూటాలు కూడా అదే లాకర్‌లో, బాత్రూమ్ అల్మరాలో కాదు. ఎమర్జెన్సీ అయితే ఎలా బావా అని అతను అడిగితే, 911 అని చెప్పండి.